పన్నెండు చింతగింజలు

పాలవెల్లి రాజ్యంలో రెండేళ్ళుగా ఎక్కాల చప్పుడు లేదు.

ఎక్కాలు లేకపోతే హాయే కదా అని మీరనుకోవచ్చు పిల్లలూ. కానీ ఆ రాజ్యంలో ఎవరూ హాయిగా లేరు. ఆకులేరు అనే ఊళ్ళో ఒక రెల్లుపాక బడి ఉండేది. రెండేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం, శిలాముఖి అనే రాక్షసి జడలకొండ దిగి ఆ బడికి వచ్చింది. పన్నెండు మంది పిల్లలను చంకన, భుజాన, వీపున ఎక్కించుకుంది. పదమూడో పిల్లవాడి మీదికి చెయ్యి చాచి, తన గుప్పిట్లోకి ఒకసారి చూసుకుని, వాణ్ణి వదిలేసి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఏ తల్లీ బిడ్డను గడప దాటనివ్వలేదు. రాజ్యమంతటా బడులు మూతపడ్డాయి.

పోయినవాళ్ళలో యువరాజు మణికంధరుడు ఒకడు. యువరాజైనా ఊరి పిల్లలతో కలిసి ఇసుకలో దిద్దుకోవాలన్నది అక్కడి ఆచారం. రాజు వీరకేసరి మూడుసార్లు సైనికులను పంపాడు. ఒక్కడూ తిరిగి రాలేదు. బడిపంతులు భైరవయ్య నెల తిరక్కుండానే ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలాడు. భయపడి పారిపోయాడని అందరూ అనుకున్నారు.

పోయినవాళ్ళలో ఇంకొకడు ఓబులు. తమలపాకుల తోటవాళ్ళ అబ్బాయి, అప్పటికి వాడికి ఆరేళ్ళు. వాళ్ళింట్లో ఆకులు ఐదేసి చొప్పున పేర్చి అరటినారతో కట్టలు కడతారు. కట్టలకు చాలక మిగిలిన విడి ఆకులు ఇంట్లో అందరికంటే చిన్నవాడివి. ఓబులు వాటిని ఒక బుల్లి కట్ట కట్టి, వచ్చినవాళ్ళందరికీ దర్జాగా పంచేవాడు. వాడు పోయాక విడి ఆకులను ఎవరూ ముట్టుకోలేదు. అవి గంపలోనే ఎండి, రాలి, పొడి అయ్యేవి. తల్లి వాటిని ఊడ్చేది కాదు.

ఓబులు అక్క పేరు సింగారి. పన్నెండేళ్ళది. ఆమె కూడా ఒకప్పుడు ఆ బడిలోనే చదివింది. భైరవయ్య పంతులుకు లెక్క టక్కున చెప్పాలి. సింగారి మాత్రం ఆకులు పేర్చుకుని, కట్టలు విప్పి, మళ్ళీ కట్టి, అప్పుడు చెప్పేది. జవాబు తప్పేది కాదు. కానీ ఆలస్యమయ్యేది. పంతులు ఎన్నోసార్లు ఆమెను పాక బయట నిలబెట్టాడు. చివరికి ఒకరోజు, "నీకు లెక్కలెందుకే, ఇంటికి పోయి ఆకులు కట్టుకో" అని పంపేశాడు. అందుకే రాక్షసి వచ్చిన రోజు ఆమె తోటలో ఉంది. తమ్ముడు బడిలో ఉన్నాడు.

ఒకరోజు పొద్దున తల్లి ఎండిన ఆకుల గంప ముందు కూర్చుని, "వాడి ముఖం గుర్తుకు రావడం లేదే సింగారీ. ఎంత తలుచుకున్నా చెవులే గుర్తొస్తున్నాయి" అంది.

సింగారి లేచింది. తడిగుడ్డలో ఆకులు చుట్టుకుంది, అరటినార నడుముకు కట్టుకుంది, జడలకొండ దారి పట్టింది.

*

అడవికి ముందు బూడిదవాగు అడ్డం వచ్చింది. వంతెన లేదు. ఒడ్డున ఒక ముసలి మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది.

"దాటాలా?" అంది మొసలి. "నా వీపు మీద దాటిస్తాను. కానీ ముందు నా పళ్ళెన్నో చెప్పాలి. నాలుగు వరసలు, వరసకు ఎనిమిది. ఆరు ఊడిపోయాయి. తప్పు చెప్పావా, మిగిలిన పళ్ళతో నిన్నే నములుతాను."

"నోరు తెరిచే ఉంచావు కదా తాతా, చూసి లెక్కపెట్టనా?"

"తల లోపలికి పెట్టి చూడు. నాకూ పని తగ్గుతుంది."

సింగారి వెనక్కి జరిగి కూర్చుంది. ఆకుల తొడిమలు తుంచి ఇసుకలో ఎనిమిదేసి చొప్పున నాలుగు వరసలు గుచ్చింది. ముప్పై రెండు. అందులోంచి ఆరు పీకేసింది.

"ఇరవై ఆరు" అంది.

మొసలి నీళ్ళలోకి జరిగింది. "ఇరవై ఆరే. ఆ ఊడిన ఆరూ ఏ రోజున ఏవి ఊడాయో కూడా చెప్పగలను. వినేవాళ్ళు లేరు" అని వీపు వంచింది.

వాగు మధ్యలో మొసలి మళ్ళీ అంది: "మీ ఊరి పంతులు కూడా దాటాడు. నేను అడగడం పూర్తికాకముందే ఇరవై ఆరు అన్నాడు. అంత వేగంగా లెక్క చేసినవాణ్ణి నేను చూడలేదు. కానీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఏడుస్తూనే ఉన్నాడు."

సింగారి ఉలిక్కిపడింది. పంతులు పారిపోలేదు. కొండ మీదికే వెళ్ళాడు. ఎందుకు?

*

అడవి నడుమ ఒక ముని రేగుచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక బుట్ట, బుట్ట పక్కన ఆకుల మీద పళ్ళ కుప్ప, చుట్టూ జింకలు.

"కొండదారి ఈ చెట్టు వెనకే ఉంది పాపా. అది తెరవాలంటే నాకొక లెక్క తేల్చాలి" అన్నాడు ముని. "బుట్టలో ఇరవై పళ్ళున్నాయి. ఈ కుప్పలో పన్నెండు. కుప్ప ఈ నాలుగు జింకలది, సమంగా పంచాలి. ఇవాళ ఐదో జింక వచ్చింది. ఒక్కో జింకకు కుప్పలోంచి ఎంత వాటా వస్తుందో, ఐదోదానికి అంతే బుట్టలోంచి ఇస్తాను. బుట్టలో ఎన్ని మిగులుతాయి? ఇరవైలోంచి, పన్నెండును నాలుగు భాగాలు చేస్తే వచ్చినంత తీసెయ్యాలి. అంతే."

"ఇంతకుముందు వచ్చినవాళ్ళు ఏమన్నారు స్వామీ?"

"సైనికులా? ఇరవైలో పన్నెండు పోతే ఎనిమిది, ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు. అందరూ రెండే అన్నారు. చెవిన పడిన వరసలోనే చేసుకుంటూ పోయారు. నేను దారి తెరవలేదు. వాళ్ళు కత్తులతో పొదలు నరుక్కుంటూ పోయారు."

ఐదో జింక సింగారి చేతిని వాసన చూసింది. ఆమె బుట్ట జోలికి పోలేదు. ముందు కుప్ప దగ్గర కూర్చుని పన్నెండు పళ్ళనూ నాలుగు చోట్ల పెట్టింది. చోటుకు మూడు వచ్చాయి. అప్పుడు బుట్టలోంచి మూడు తీసి ఐదో జింకకు పెట్టింది.

"పదిహేడు మిగిలాయి స్వామీ. వాటా తేలకుండా బుట్టలో చెయ్యి పెట్టకూడదు. మా ఇంట్లో కూడా అంతే. కట్టల సంగతి ముందు, విడి ఆకుల సంగతి తర్వాత."

ముని తల ఊపాడు. కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. "మీ పంతులూ పదిహేడే అన్నాడమ్మా. జవాబు సరైనదని దారి తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఆయన దగ్గర అంకె ఒక్కటే ఉంది." రేగుకొమ్మను పక్కకు జరుపుతూ ఆయన మళ్ళీ అన్నాడు: "శిలాముఖికి ఒక చేతి వేళ్ళ దాకే లెక్క వచ్చు. అంతకు మించిన అంకె ఆమెకు గాలి చప్పుడుతో సమానం. ఆమెకు అంకె చెప్పకు. ఆమె కోపంగా చూస్తే మనిషి రాయి అవుతాడు."

*

కొండ పైకి చేరేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది. దారికి రెండువైపులా రాతి సైనికులు, ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉన్నాయి. చివరన, గుహ ముందు, కత్తి లేని రాయి ఒకటి నిలబడి ఉంది. భుజాన కండువా, ముందుకు చాచిన రెండు ఖాళీ చేతులు. భైరవయ్య పంతులు.

గుహ ముందు పన్నెండు మంది పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి మెడలో నీలిపూల దండ. శిలాముఖి వాళ్ళకు తల దువ్వుతోంది. ఎంత పెద్ద చెయ్యో, అంత మెల్లగా దువ్వుతోంది. వరసలో చివరివాడి చెవులు చూసి సింగారి పరుగెత్తింది.

"ఓబులూ."

వాడు తలెత్తి చూశాడు. కొత్తవాళ్ళను చూసినట్టు చూసి, రాక్షసి కొంగు వెనక్కి జరిగాడు. పిల్లలూ, రెండేళ్ళు వెతుక్కున్న తమ్ముడు అలా జరిగితే ఎలా ఉంటుందో నేను రాయలేను.

"వాళ్ళు నా పిల్లలు" అంది శిలాముఖి. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. "మెడలో దండ ఉన్నంతకాలం వాళ్ళకు వేరే అమ్మ గుర్తుండదు. నువ్వూ అంకె చెప్పడానికే వచ్చావా?"

"లేదమ్మా. వినడానికి వచ్చాను. నీ పిల్లలకు ఏమైంది?"

ఆ మాట ఆమెను అంతవరకు ఎవరూ అడిగి ఉండరు. రాక్షసి దువ్వెన కింద పెట్టింది.

"మూడేళ్ళ కిందట కొండ కింది గుహల్లోకి వరద వచ్చేట్టయింది. పిల్లలను పైకి చేర్చాలి. అందరూ చేరారో లేదో నాకెలా తెలుస్తుంది? ముసలమ్మ వేషం వేసుకుని మీ బడికి వచ్చాను. 'అయ్యా, నేను పడుకునే గుహలో ముగ్గురు. ఇంకా నాలుగు గుహల్లో గుహకు ఐదుగురు. మొత్తం ఎంత?' అని అడిగాను. మీ పంతులు నేను నోరు మూయకముందే చెప్పేశాడు. 'మూడూ నాలుగూ ఏడు, ఏడు ఐదులు ముప్పై ఐదు' అన్నాడు. నాకు తెలియలేదంటే అన్ని చింతగింజలు లెక్కపెట్టి కొంగులో కట్టాడు. పిల్లకొక గింజ పడేసుకో అన్నాడు."

సింగారికి ఆ రోజు గుర్తొచ్చింది. తాను పాక బయట ఎండలో నిలబడి ఉంది. ఒక ముసలమ్మ కొంగుముడి పట్టుకుని బయటికొచ్చి, "మీ పంతులు ఎంత చురుకమ్మా" అని నవ్వి వెళ్ళింది.

"వరద వచ్చింది" అంది శిలాముఖి. "పిల్లలు ఒక్కొక్కరే పైకి వచ్చారు. ఒక్కొక్క గింజ పడేశాను. అందరూ అయిపోయారు. చేతిలో ఇవి మిగిలాయి."

ఆమె గుప్పిట తెరిచింది. అరచేతిలో పన్నెండు చింతగింజలు. మూడేళ్ళుగా పట్టుకుని పట్టుకుని అవి నునుపెక్కి మెరుస్తున్నాయి.

"ఏడాది నీళ్ళలో వెతికాను. బురద తవ్వాను. వాళ్ళలో ఒక్కరి ఎముకా దొరకలేదు. అప్పుడు మీ బడికి వచ్చి గింజకొకరిని తెచ్చుకున్నాను. ఆనాడు నా చేతిలో గింజలు చూసి నన్ను గుర్తుపట్టాడట మీ పంతులు. తర్వాత వచ్చి, 'ముప్పై ఐదు కాదు, ఇరవై మూడు' అన్నాడు. మరి ఇవేమిటి అని గింజలు చూపించాను. చెప్పలేకపోయాడు. నా పోయిన పిల్లలను ఒక్క మాటతో లేకుండా చేద్దామని వచ్చాడు."

ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. సింగారి కాలివేళ్ళు చల్లబడి గట్టిపడటం మొదలైంది.

"అమ్మా, నేను అంకె చెప్పను" అంది సింగారి గబగబా. "నీ పిల్లల పేర్లు చెప్పు చాలు. పేరుకొక ఆకు పెడతాను."

కాళ్ళకు మళ్ళీ వెచ్చదనం వచ్చింది. సింగారి తడిగుడ్డ విప్పి నేల మీద పరిచింది.

"నువ్వు పడుకునే గుహలో ఎవరు?"

"ఉడుము. కందిరీగ. ముళ్ళపంది."

మూడు విడి ఆకులు.

"పక్క గుహలో?"

శిలాముఖి ఐదు పేర్లు చెప్పింది. ఐదు ఆకులు పేర్చి సింగారి అరటినారతో కట్ట కట్టింది. తర్వాతి గుహకు ఇంకో కట్ట. మూడో గుహకు ఇంకోటి. నాలుగో గుహ దగ్గర రాక్షసి గొంతు మెత్తబడింది. "అక్కడ చిన్నవాళ్ళు. గండుపిల్లి, పిచ్చుక, బొంత, సీతాకు, మిణుగురు."

"ఇంకే గుహ ఉంది?"

"ఇంకేం లేదు. ఐదు గుహలే."

"మా పంతులు ఏడు గుహలు కట్టారమ్మా. ఆ ముగ్గురు పిల్లలనూ మూడు గుహలు చేసేశారు. మూడుకు నాలుగు కలిపి, అన్నిట్లోనూ ఐదుగురేసి ఉన్నారన్నారు. నీ పిల్లలు మూడు విడి ఆకులు, నాలుగు కట్టలు. ముందు కట్టలు విప్పాలి. నాలుగు ఐదులు. వాటి పక్కన ఈ మూడు." సింగారి కట్టలన్నీ విప్పి ఆకులు వరసగా పరిచింది. "ఇప్పుడు నీ చేతిలో ఉన్న గింజల పేర్లు చెప్పు తల్లీ. ఆ పోయినవాళ్ళ పేర్లేమిటి?"

శిలాముఖి నోరు తెరిచింది.

మూసింది. మళ్ళీ తెరిచింది. మొదటి గింజను వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. దానికి పేరు లేదు. రెండోదానికీ లేదు.

"నేను వీళ్ళ కోసం ఏడ్చానే" అంది చివరికి. "మూడేళ్ళు ఏడ్చానే."

"ఉన్నవాళ్ళను పిలువమ్మా" అంది సింగారి. "ఒక్కొక్కరూ వచ్చి తమ ఆకు తీసుకుంటారు."

శిలాముఖి పిలిచింది. గుహలోంచి రాక్షస పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. జుట్టు అట్టలు కట్టి, పక్కటెముకలు తేలి ఉన్నారు. వాళ్ళకు తల దువ్వినవాళ్ళు ఎవరూ లేరు. పేరు పిలిస్తే నమ్మలేనట్టు చూసి, ఆకు తీసుకుని, దాన్ని గుండెకు హత్తుకుని నిలబడ్డారు. ఇంకా, ఇంకా వచ్చారు. చివరికి నేల మీద ఒక్క ఆకు మిగిలింది.

"మిణుగురూ" అని పిలిచింది తల్లి.

ఎవరూ రాలేదు.

పెద్దవాడు ఉడుము తల దించుకుని అన్నాడు: "మిణుగురు లేడమ్మా. పోయిన వానల్లో జ్వరమొచ్చింది. నాలుగు రోజులు నిన్నే పిలిచాడు. నీకు చెప్పడానికి వచ్చాను. నువ్వు వాళ్ళకు తల దువ్వుతున్నావు. గింజలు లెక్క తప్పుతాయి, పొమ్మని కసిరావు."

రాక్షసి అరవలేదు. ఆ ఆకు ముందు కూర్చుండిపోయింది. లేని పన్నెండు మంది కోసం నీళ్ళన్నీ అయిపోయాయేమో, నిజంగా పోయిన ఒక్కడి కోసం ఆమె కంట్లో చుక్క రాలేదు. గుప్పిట మాత్రం దానంతట అదే తెరుచుకుంది. పన్నెండు చింతగింజలూ రాళ్ళ మీద పడి దొర్లిపోయాయి.

చాలాసేపటికి ఆమె లేచి పన్నెండు దండలూ తెంపేసింది. పిల్లలు ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. ఓబులు కళ్ళు నులుముకుని, "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. సింగారి వాడి రెండు చెవులూ పట్టుకుని చూసింది. తర్వాత ముఖం చూసింది. అమ్మకు చెప్పాలి కదా.

శిలాముఖి చూపు తాకగానే సైనికులు ఒక్కొక్కరే కదిలారు. పంతులు రాయి దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది.

"వీణ్ణి వదలను. వీడి తొందర నా మిణుగురును మింగింది."

"ఆయనే తప్పు తెలుసుకుని నీ దగ్గరికి వచ్చారు. ఆలస్యంగా వచ్చారు" అంది సింగారి. తర్వాతి మాట అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు, అయినా అంది. "ఆలస్యమైంది ఆయన ఒక్కరికేనా అమ్మా?"

రాక్షసి ఆమెను కోపంగా చూడలేదు. పంతులు వైపు చూసింది. రాయి కరిగి మనిషి అయింది. భైరవయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"రాత్రింబవళ్ళు అంతా వింటూనే ఉన్నాను సింగారీ" అన్నాడు. "నువ్వు చేసినంత మెల్లగా నేను ఒక్కసారి చేసి ఉంటే..." నేల మీద మిగిలిన ఆకును రెండు చేతులా తీసి తల్లి చేతిలో పెట్టాడు. "నేను ఊరికి రాను. ఈమె ఉంచుకుంటే ఇక్కడే ఉంటాను. ఈ పిల్లలకు లెక్కలు రావు కదా."

"ఎంతమంది?" అని అడిగింది శిలాముఖి. ఆమె పంతులును పరీక్షిస్తోంది.

ఆయన టక్కున చెప్పలేదు. పిల్లల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేస్తూ పేరు అడిగాడు. మూడు, వాటికి నాలుగు ఐదులు కలిపి, ఒకటి తీసేసి. ఇరవై రెండు. చివరి తల దాకా వెళ్ళాకే చెప్పాడు.

*

పన్నెండు మందీ ఊరు చేరిన రోజున రాజు వీరకేసరి కాలినడకన ఎదురొచ్చాడు. కొడుకును ఎత్తుకుని, "ఏం కావాలమ్మా?" అని సింగారిని అడిగాడు.

"బడి తాళంచెవి" అందామె.

"తాళంచెవే కాదు. ఆ పాకలో నీ మాటే శాసనం. గడప బయట నేను రాజును. లోపల నువ్వు."

అలా పన్నెండేళ్ళ సింగారి ఆ రెల్లుపాకను ఏలడం మొదలుపెట్టింది. ఆమె పెట్టిన మొదటి శాసనం, ఆలస్యంగా చెప్పినవాళ్ళను బయట నిలబెట్టకూడదని. ఇంట్లో ఓబులు ఎండిన ఆకులన్నీ ఊడ్చి, ఆ రోజు మిగిలిన విడి ఆకులతో బుల్లి కట్ట కట్టాడు. మొదటి ఆకు అమ్మకే ఇచ్చాడు. ఆమె దాన్ని నమలలేదు, కొంగున ముడి వేసుకుంది.

బడిలో కట్టలు, విడి ఆకులు కలిసిన లెక్క వచ్చినప్పుడు పిల్లలు ముందు కట్టలు విప్పుతారు. తర్వాత విడివి కలుపుతారు, తీసెయ్యాల్సినవి తీసేస్తారు. లెక్క తేలాక అన్నీ మళ్ళీ కట్టి గంపలో సర్దుతారు. ఒక్క ఆకు మాత్రం ఇసుక మీద వదిలేస్తారు. కొత్తగా చేరిన పిల్లలు, "అక్కా, ఒకటి మర్చిపోయావు" అని ఎత్తబోతారు.

"మర్చిపోలేదు" అంటుంది సింగారి. "దానికి పేరుంది."

అప్పుడు పాత పిల్లలందరూ ఆ పేరు చెబుతారు. గాలి జడలకొండ వైపు నుంచి వీచే రోజుల్లో, ఆ పేరు తర్వాత ఒక నిమిషం ఊరుకుంటే, ఎక్కడో పైన ఇరవై రెండు గొంతులు ఐదో ఎక్కం చదవడం వినిపిస్తుంది. చాలా మెల్లగా చదువుతారు. వాళ్ళ పంతులు ఎవరినీ తొందరపెట్టడు.